మద్దెల మీద అరచెయ్యి

నోరారా పాడేవాళ్ళ పాట వినే స్వామికి, నోరు లేనివాళ్ళ మొరను అంతకన్నా ముందే వినే స్వామికి మొదట దండం. మెట్లెక్కి వచ్చినవాణ్ణీ, మెట్ల కిందే ఆగిపోయినవాణ్ణీ ఒకే చూపుతో చూసే ఆ దయామయుడికి జయం. ఆయన పేరు తలచుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు. ఇదీ పెట్టను. కాకపోతే ఈసారి రాసేదానిలో ఆయన పేరు చెప్పి మనుషులు చేసిన పని ఒకటి ఉంది. అందులో ఆయనకు భాగం లేదని ముందే చెప్పుకోవాలి.

పోయిన శనివారం సాయంత్రం మా భజన మందిరంలో దీపం పెట్టిన తరువాత గురువు గొంతు సవరించుకున్నాడు.

"హోసూరు నుంచి వస్తా ఉండె కదా, ఆటల టీచరమ్మ. జ్వరమని ఆసుపత్రిలో చేరి చనిపోయిందంట పాపం. ఆయమ్మ ఆత్మకు శాంతి కావాలని ఈ కీర్తన," అన్నాడు.

మద్దెల మోగింది. తాళాలు మోగాయి. నా ఒళ్ళో ఉన్న తాళాలు ఒళ్ళోనే ఉండిపోయాయి. చిన్నప్పటి నుంచి ఈ గోష్ఠిలో తాళం వేస్తున్నదాన్ని, మా తాత దగ్గర గ్రంథం చదువుకున్నదాన్ని. కీర్తన జరుగుతుండగా తాళం కింద పెట్టడం మా ఇంట్లో నేర్పలేదు. ఆ రోజు మాత్రం చేతులు లేవలేదు.

ఆటల టీచరమ్మ అని పేరు పెట్టింది మా వీధి పిల్లలు. రాయకోట దగ్గర మా ఊరికి వారానికొకసారి బస్సులో వచ్చేది. "నేను టీచర్ను కాదు, బిహేవియర్ థెరపిస్టును," అని మొదట్లో ఓపికగా చెప్పేది. ఆ మాట ఎవరి నాలుకకూ తిరగలేదు. అంటే ఏమి పని అని మా అవ్వలు అడిగితే, "బిడ్డలు అరిస్తే, కొరికితే, తల బాదుకుంటే, ఎందుకు చేస్తా ఉండారో కనిపెట్టేది. దాని బదులు ఇంకో దారి నేర్పేది," అనేది. "అదేమి పనమ్మా, దానికి రెండు దెబ్బలు చాలు కదా," అంటే నవ్వేది కాదు. ఆ ఒక్క మాటకు ఆమె ఎప్పుడూ నవ్వలేదు.

నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ చెప్పుల్లో మట్టితో ఉండేది. భుజాన సంచి, సంచిలో ఒక డబ్బా, డబ్బాలో బొరుగులు. అవి పిల్లలకు. తను మాత్రం మధ్యాహ్నం తినడం మరిచిపోయేది. నేను బలవంతాన పెడితే ముద్ద సగంలో వదిలి లేచిపోయేది. కోపం కూడా ఎక్కువే. చెప్పినట్టు చేయని తల్లులను గట్టిగా కసురుకునేది. ఒకసారి నన్ను కూడా, "మీరు మంత్రం చదివే లోపల బిడ్డ మూడుసార్లు కొట్టుకునిందమ్మా, ముందు బిడ్డను పట్టుకోండి," అంది. నాకు రెండు రోజులు మనసు కాలింది. ఆమె అన్నవన్నీ నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నానని ఇప్పుడు పోయిన తరువాత అబద్ధం చెప్పను.

ఆమె నోట ఒక మాట ఎప్పుడూ ఉండేది: "ముందర ఏమి? వెనక ఏమి?" ఏ బిడ్డ ఏ గలాటా చేసినా, దానికి ముందు ఏమి జరిగింది, దాని తరువాత ఏమి దొరికింది అని అడిగేది. బిడ్డలతో ఆగేది కాదు. మా పక్కింటాయన రోజూ పెండ్లాం మీద అరిచేవాడు. అది విని ఆమె, "అరిచినాక కాఫీ వస్తాది. ఇంకెందుకు మానతాడు?" అంది. ఆ మాట ఊరంతా తిరిగి, ఆయన కొన్నాళ్ళు అరవడానికే సిగ్గుపడ్డాడు. "కాఫీ కావాల్నా మామా, గట్టిగా అరువు," అని కుర్రవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

మెచ్చుకోవడంలో కూడా ఆమెది ఒక తీరు. మంచి పిల్ల, మంచి పిల్లవాడు అనేది కాదు. "గ్లాసు కింద పెట్టినావు. బాగుంది." "పిలిస్తే చూసినావు. బాగుంది." ఏది బాగుందో అదే చెప్పేది, అప్పుడే చెప్పేది. ఒకసారి రాయకోటలో బస్సు దిగుతూ కండక్టరుతో, "ముసలాయప్ప దిగేదాకా విజిలు వేయకుండా ఉండినావప్పా. బాగుంది," అంది. ఆ మీసాలాయన ఏమనాలో తెలియక టికెట్ల కట్టను రెండుసార్లు జేబులో పెట్టి తీశాడు.

ఆమె మా ఊరికి వచ్చింది మా ఎదురింటి పాప కోసం. ఆ పాపకు అప్పటికి ఐదేళ్ళు దాటాయి, మాట రాలేదు. అవ్వ గొర్రెలు కాస్తుంది. అమ్మ గులాబీ తోటలో కూలికి పోతుంది. నాన్న హోసూరులో కంపెనీ పని చేసి, వారానికొకసారి వస్తాడు. పాపది బంగారం లాంటి గుణం. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని పూటంతా కూర్చునేది. ఒక్క చప్పుడుకే భయపడేది. మిక్సీ వేసినా, టపాసు పేలినా రెండు చెవులూ మూసుకుని ముడుచుకుపోయేది.

అలాంటి పాపను అవ్వ ఒక శనివారం భజనకు తీసుకొచ్చింది. మద్దెల జోరందుకునే సరికి పాప లేచి, పరుగెత్తి, రాతి స్తంభానికి తల బాదుకుంది. ఒక్క దెబ్బకు మద్దెల ఆగింది. మందిరమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పాప తల బాదుకోవడం మానేసి కళ్ళు మూసుకుని ఊగుతూ నిలబడింది. ఎవరో, "అమ్మ వచ్చింది," అన్నారు. ఇంకెవరో కర్పూరం వెలిగించారు. పసుపు నీళ్ళు తెచ్చి పాప కాళ్ళ మీద పోశారు. వేపరెమ్మ చేతికిచ్చారు.

ఆ తరువాత ప్రతి శనివారం అదే జరిగింది. మద్దెల జోరు, పాప తల స్తంభానికి, మద్దెల ఆగడం, కర్పూరం. జనం నిమ్మకాయలు పట్టుకుని రాసాగారు. మత్తూరు నుంచి వచ్చారు, కెలవరపల్లి నుంచి వచ్చారు. "అమ్మా, బోరులో నీళ్ళు పడతాయా?" "అమ్మా, బిడ్డకు పెండ్లి కుదురుతాదా?" పాప ముందుకు ఊగితే అవును, వెనక్కి ఊగితే కాదు. గురువు పక్కన నిలబడి అర్థం చెప్పేవాడు. భక్తులు ఇచ్చిన దానితో మందిరానికి పెద్ద మైకు సెట్టు వచ్చింది. చప్పుడు రెండింతలైంది. పాప నుదుటి మీద వాపు కూడా.

నేను ఒకసారి గురువును అడిగాను. "అయ్యా, అమ్మ రాదని నేను అనను. వచ్చిన చోట కండ్లారా చూసినాను. అమ్మకు వాద్యమంటే ప్రాణం. తప్పెట మోగితే వస్తాది, మోగేకొద్దీ ఆడతాది. వాద్యం ఆపమని తల పగలగొట్టుకునే అమ్మను ఏ గ్రంథంలోనూ చదవలేదు."

గురువు నవ్వి, "ఆడోళ్ళు తాళం సరిగా వేస్తే చాలమ్మా. శాస్త్రం మేము చూసుకుంటాము," అన్నాడు. మగవాళ్ళ వరసలో అందరూ నవ్వారు.

పాప అమ్మ మాత్రం నవ్వే స్థితిలో లేదు. కూతురి కన్ను ఎర్రబడితే కృష్ణగిరికి తీసుకుపోయింది. తలకు ఇలాగే దెబ్బలు తగులుతుంటే కంటి లోపలి పొర చినిగిపోతుందని, చూపు పోతే మళ్ళీ రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అక్కడి నుంచి హోసూరులో పిల్లల కేంద్రానికి పంపారు. కేంద్రం నుంచి ఆటల టీచరమ్మ వచ్చింది.

వచ్చిన మొదటి శనివారం మందిరంలో ఆడవాళ్ళ వెనక కూర్చుంది. అందరం కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉంటే ఆమె కళ్ళు తెరుచుకుని పాప కాళ్ళ వైపు చూస్తోంది. గురువు అది గమనించాడు.

"కండ్లు మూసుకోని దండం పెట్టే అలవాటు లేదా అమ్మా మీకు?"

"మూసుకుంటే నాకేమీ కనపడదప్పా. సామికి నేను కనపడతాను, అది చాలు."

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నన్నూ, పాప అమ్మనూ, అవ్వనూ అడిగింది.

"పాప తల కొట్టుకునేదానికి ముందర ఏమి?"

"మద్దెల," అన్నాను.

"కొట్టుకున్నాక వెనక ఏమి?"

"కర్పూరం. పసుపు నీళ్ళు," అంది అవ్వ గర్వంగా.

"దానికి ముందు?"

మేము ఆలోచించాం. పాప అమ్మే మెల్లగా అంది, "మద్దెల ఆగిపోతాది."

"అంతేనమ్మా. చెవులు పగిలే చప్పుడు. ఆపమని చెప్పేదానికి బిడ్డకు నోరు లేదు. ఒక దినం తల కొట్టుకునింది, ఆగిపోయింది. దానికి ఈ లోకంలో పని చేసిన మాట అదొక్కటే. ఆ మాట మరిపించాలంటే, అంతకన్నా సులభంగా పని చేసే ఇంకో మాట ఇయ్యాల."

అవ్వకు కోపం వచ్చింది. "అయితే మా ఇంటికి అమ్మ రాలేదంటావా?"

"అది నేను చెప్పేదాన్ని కాదవ్వా. బిడ్డ కన్ను పోతా ఉందని చెప్తా ఉండాను."

ఇంటి దగ్గర నేర్పడం మొదలుపెట్టింది. పాప అమ్మ బిందె బోర్లించి దాని మీద మెల్లగా దరువు వేస్తుంది. టీచరమ్మ పాప వెనక కూర్చుని, పాప అరచేతిని పట్టుకుని బిందె మీద పెట్టిస్తుంది. పెట్టగానే దరువు ఆగాలి. రెప్పపాటు కూడా ఆలస్యం కాకూడదు. నాలుగు బొరుగులు. "చెయ్యి పెట్టినావు, ఆగింది. బాగుంది." కొన్ని వారాలకు పాప తనంతట తానే చెయ్యి పెట్టింది. అప్పుడు పాప తన చేతిని, ఆగిన బిందెను మార్చి మార్చి చూసిన చూపు నేను ఎన్నో హారతుల్లో చూడలేదు.

అవ్వ గొర్రెలు తోలుకొచ్చి గడప దగ్గర నిలబడి చూసేది. "మా గొర్రెలకు కూడా ఇట్లనే నేర్పిస్తాము," అంది ఒకరోజు దెప్పుతూ.

"నేను కూడా ఇట్లనే నేర్చుకున్నానవ్వా. నువ్వు ఈ పొద్దు తిట్టకుండా నిలబడినావు. బాగుంది," అంది టీచరమ్మ. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి పోయింది.

ఇంట్లో నేర్చిన మాట మందిరంలో పని చేయాలి. అందుకని గురువు దగ్గరికి పోయింది. నన్ను తోడు రమ్మంది.

"పాప వచ్చి మద్దెల మీద చెయ్యి పెడితే ఆపండప్పా. వాళ్ళమ్మ తీసుకోని బయట అరుగు మీదికి పోతాది. మళ్ళీ మీరు వాయించుకోండి. కొన్ని వారాలు పోయినాక, చెయ్యి పెట్టినాక ఇంకో రెండు దెబ్బలు వేసి ఆపండి. తరవాత నాలుగు. మెల్లగా ఓర్చుకునేది నేర్చుకుంటాది. ఒక దినం మీ పక్కనే కూర్చోని కీర్తనంతా వింటాది."

గురువు తల అడ్డంగా ఊపాడు. మా గోష్ఠిలో ఒక కట్టడి ఉంది. ఎత్తుకున్న కీర్తన ముగిసేదాకా మద్దెల ఆగకూడదు. వానొచ్చినా, కరెంటు పోయినా ఆగదు. "మా తాతల కాలం నుంచి ఆగలేదమ్మా. మధ్యలో ఆగితే దోషం."

"పాప తల కొట్టుకుంటే ఆగుతా ఉంది కదప్పా."

"అది అమ్మ కోసం."

"ఇది బిడ్డ కోసం."

మద్దెల వాయించేది ఆయన చెల్లెలి కొడుకే. అతను, "పోనీలే మామా, నేను ఆపుతాను. ఎంతసేపు పడతాది," అన్నాడు. గురువు సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ తరువాత కొన్ని శనివారాలు మా మందిరంలో జరిగినది నా మటుకు నాకు దేవుడి పని. జోరు మొదలవుతుంది. పాప జనం మధ్య నుంచి చిన్న చిన్న అడుగులతో వస్తుంది. మద్దెల చర్మం మీద అరచెయ్యి పెడుతుంది. చప్పుడు ఆగుతుంది. పాప వాయించేవాడి ముఖంలోకి ఒకసారి చూసి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బయటికి పోతుంది. మేము మళ్ళీ ఎత్తుకుంటాం. మొదటిసారి అయిపోగానే టీచరమ్మ మగవాళ్ళ వరసలోకి నేరుగా నడిచి వెళ్ళి, "మద్దెల ఆపినావప్పా. బాగుంది," అంది. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. పాప నుదుటి వాపు తగ్గింది. దాని కింద ఉన్న అసలు నుదురు ఎంత అందంగా ఉందో అప్పుడు చూశాం.

అయితే నిమ్మకాయలతో వచ్చినవాళ్ళు నిమ్మకాయలతోనే తిరిగిపోసాగారు. "ఈ వారం కూడా అమ్మ రాలేదా?" అని అడిగేవాళ్ళు. గురువు ముఖం మాడిపోయేది. అవ్వకు కూడా లోపల బాధే. నిన్నటిదాకా దారిలో ఎదురైతే దండం పెట్టినవాళ్ళు ఇప్పుడు గొర్రెలను పక్కకు తోలమంటున్నారు.

శ్రీరామనవమి వచ్చింది. వీధి దాకా పందిరి వేశారు. పానకం, పెసరపప్పు కోసంబరి పంచుతున్నారు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా అక్కడే. టీచరమ్మ ఆ రోజు సెలవైనా వచ్చింది. ఆడవాళ్ళ వరసలో నా పక్కన కూర్చుంది. గురువు పెద్ద కీర్తన ఎత్తుకున్నాడు. మైకులో మద్దెల, దాని వెనక తాళాలు, పందిరి రాటలు అదిరిపోతున్నాయి.

పాప లేచింది. ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి ముందుకు చాపి, అంత జనంలో దారి చేసుకుంటూ మద్దెల దగ్గరికి పోయింది. అరచెయ్యి పెట్టింది.

మద్దెల అతను గురువు వైపు చూశాడు. గురువు కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని గొంతు ఇంకా పెంచాడు.

మద్దెల ఆగలేదు. పాప చెయ్యి కింద చప్పుడు మొద్దుబారింది, అంతే. పాప రెండో చెయ్యి కూడా పెట్టింది. అతను మద్దెలను అవతలి మోకాలి మీదికి జరుపుకున్నాడు. పాప అటు తిరిగి మళ్ళీ పెట్టింది. అతను భుజం అడ్డం పెట్టి వాయించాడు. పాప తన అరచేతిని తిప్పి చూసుకుంది. దానికేమైనా అయిందా అని చూసుకున్నట్టు చూసుకుంది. తరువాత స్తంభం వైపు నడిచింది.

టీచరమ్మ నా పక్క నుంచి ఎప్పుడు లేచిందో తెలియదు. జనాన్ని తోసుకుని పోయి, స్తంభానికీ పాప తలకూ నడుమ తన చెయ్యి పెట్టింది. దెబ్బ ఆ చేతి మీద పడింది. మళ్ళీ పడింది. మద్దెల ఆగింది. కట్టడి కూడా అప్పుడే మరిచిపోయారు. కర్పూరం సిద్ధంగానే ఉంది. ఎవరో టీచరమ్మ భుజం పట్టి లాగారు. "అమ్మ ఒంటి మీద ఉన్నప్పుడు ముట్టకూడదు, తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. రెండు వేళ్ళు వాచిపోయి ఉన్నాయి. గురువుతో మెల్లగానే అంది. మైకు దగ్గర ఉండడం వల్ల అందరికీ వినపడింది.

"అప్పా, మీరిప్పుడు బిడ్డకు పాఠం చెప్పినారు. చెయ్యి పెడితే ఎవరూ వినరు, తల పగలగొట్టుకుంటే లోకమంతా వింటాది అని. ఇది బాగా నేర్చుకునే బిడ్డ. మరిచిపోదు."

"సామి సన్నిధిలో గలాటా వద్దమ్మా," అన్నాడు గురువు. "మీకు నమ్మకం లేదు. అదీ సంగతి."

"నమ్మకం బిడ్డకుండెనప్పా. మీ మీద."

ఆమెను పందిరి బయటికి పంపేశారు. మరుసటి వారం అవ్వ ఆమెను గడప తొక్కనివ్వలేదు. పాప అమ్మ ఏడ్చింది, మొగుడితో పోట్లాడింది. అతను గురువు మాట దాటలేదు. అయినా టీచరమ్మ వేళ్ళకు కట్టు కట్టుకుని వచ్చేది. మా అరుగు మీద కూర్చునేది. పాప అమ్మ పని నుంచి వచ్చి, అవ్వ చూడకుండా పాపను తీసుకొచ్చేది. బిందె బోర్లించి దరువు వేస్తే పాప చెయ్యి చాపలేదు. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. ఎన్ని వారాలైనా అంతే. మందిరంలో మాత్రం ప్రతి శనివారం తల మళ్ళీ స్తంభానికే.

నేను గురువును తిట్టాను. నా నోటికి వచ్చిన మాటలు ఇక్కడ రాయకూడదు. ఆమె వినీ వినీ అడ్డుపడింది.

"ఆయనకు ముందర ఏమి, వెనక ఏమి అని చూడండమ్మా. పాపకు అమ్మ వస్తే జనం ఆయనకు చేతులు జోడిస్తారు. అది ఊరికే లాగేసుకుంటే ఎట్లా వదులుతాడు? ఆయనకు ఇంకోటి ఏదైనా ఇయ్యాల. అది నేను ముందే ఆలోచించలేదు."

గురువును కూడా ఒక బిడ్డలాగే చూసింది. ఆ ఓపిక స్వామి ఆమెకు ఇచ్చాడు, నాకు ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ లేదు.

చలికాలంలో పాప ఎడమ కన్ను పోయింది. కృష్ణగిరిలో చూపించారు, ఇంకా పెద్ద ఆసుపత్రికి పంపారు. ఆలస్యమైందన్నారు. అది విని కూడా గురువు మందిరంలో, "అమ్మ ఒక కన్ను తన దగ్గర పెట్టుకునింది. ఇంక చూపు లోపలే," అన్నాడు. జనం చెంపలు వేసుకున్నారు. ఆ వారం నిమ్మకాయలు బుట్టల్లో వచ్చాయి. ఆ మాట టీచరమ్మకు నేనే చెప్పాను. ఆమె సంచిలోంచి బొరుగుల డబ్బా తీసి, మూత తెరిచి, మళ్ళీ మూసింది. బస్సు వస్తే ఎక్కి పోయింది. ఆ తరువాత ఒకటి రెండుసార్లు వచ్చింది. పాప నాన్న ఎదురుపడి బెదిరించాక ఆమె కేంద్రం వాళ్ళే పంపడం మానేశారు. అయినా పాప ఎలా ఉందో ఫోనులో అడిగేది. పోయిన నెల కూడా అడిగింది.

అలాంటి మనిషి ఆత్మశాంతికి మొన్న శనివారం మా గోష్ఠి కీర్తన ఎత్తుకుంది. పాప ఇప్పుడు ఎదిగింది. పసుపు చీర కట్టి స్తంభం పక్కనే పీట వేసి కూర్చోబెడతారు, దూరం నడవకుండా. కీర్తన మొదటి చరణం కూడా దాటలేదు. మద్దెల జోరందుకుంది. పాప లేచింది.

నేను పరుగెత్తే వయసుదాన్ని కాదు. ఎలా పోయానో స్వామికి తెలుసు. స్తంభానికీ ఆ తలకూ నడుమ నా చెయ్యి పెట్టాను. దెబ్బ పడింది. ఒక పిల్ల తలలో అంత బరువు ఉంటుందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఆపమని చెప్పే మాట అంత బరువైనది.

మద్దెల ఆగింది. కర్పూరం తెచ్చారు. ముట్టకూడదు తప్పుకోమన్నారు. నేను తప్పుకోలేదు. గురువుతో అనవలసినది ఆమె ఎప్పుడో అనేసింది.

ఇది చదువుతున్న వాళ్ళు నాతో కలిసి కాసేపు దండం పెట్టండి. ఆమెకు శాంతి కావాలని అడగవద్దు, అది స్వామి అప్పుడే ఇచ్చి ఉంటాడు. పాప కోసం అడుగుదాం. స్వామీ, మిగిలిన ఆ ఒక్క కన్ను కాపాడు. ఆ బిడ్డ చంకల్లో దాచుకున్న చేతిని ఇంకొక్కసారి బయటికి చాపనీ. ఆ చెయ్యి తగిలిన చోట మా చప్పుడు ఆగేటట్టు చెయ్యి.

తాళం వద్దు, మైకు వద్దు. పెదవులు కదిలితే చాలు. పాప మా ఎదురింట్లోనే ఉంది, నిద్రపోతోంది. మెల్లగా అడుగుదాం.